దుబాసీ లేని అడవి

జార్జ్ లూకాస్ 'స్టార్ వార్స్' చిత్రాల నుంచి పుట్టిన పిల్లల బొమ్మల ధారావాహిక 'ఈవాక్స్' అమెరికాలో ఏబీసీ టెలివిజన్‌లో 1985 సెప్టెంబరు 7న మొదలై, రెండు సీజన్లు నడిచి, 1986 డిసెంబరులో ముగిసింది. లూకాస్‌ఫిల్మ్ కోసం దాన్ని తయారు చేసినది కెనడాకు చెందిన నెల్వానా సంస్థ. 2021లో డిస్నీ ప్లస్‌లో చేరాక అది మరో తరం కంట పడింది. కథలు చప్పగా ఉన్నాయనీ, రెండో సీజను మరీ పసిపిల్లల స్థాయికి దిగిపోయిందనీ, ఆటబొమ్మల అమ్మకమే దాని పరమార్థమనీ విమర్శలు మొదటి నుంచీ ఉన్నాయి. వాటిలో నిజం లేకపోలేదు. అయితే భాషాశాస్త్రం చదువుకునే విద్యార్థి దృష్టిలో పడవలసిన లోపం మరొకటి ఉంది. ఆ అడవిలో ఒక భాష ఉండేది. ధారావాహికలో అది మాయమైంది.

ఈవాక్‌లు మొదట కనిపించినది 1983లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది జెడై' చిత్రంలో. ఎండోర్ అనే ఉపగ్రహం మీది మహారణ్యంలో, చెట్ల మీద ఊళ్లు కట్టుకుని బతికే పొట్టి, బొచ్చు జీవులు వాళ్లు. 'ఈవాక్' అన్న మాట ఆ చిత్రం సంభాషణల్లో ఒక్కసారి కూడా వినిపించదు. ఆ పేరు ప్రేక్షకులకు తెలిసింది చివరి పేర్ల జాబితా వల్లా, ఆటబొమ్మల పెట్టెల వల్లా. వాళ్ల భాషను శబ్దరూపకర్త బెన్ బర్ట్ కూర్చాడు. కాస్పియన్ సముద్రానికి వాయవ్యంగా ఉన్న కల్మీక్ ప్రజల మంగోల్ శాఖ భాష ధ్వనులు ఆయన్ను ఆకర్షించాయి. వాటికి టిబెటన్, నేపాలీ ధ్వనులు తోడయ్యాయి. మైసూరు జిల్లా బైలకుప్పెలోనో, బరంపురానికి పైన గజపతి జిల్లా చంద్రగిరిలోనో టిబెటన్లు మాట్లాడుకోవడం విన్న మన విద్యార్థులు ఆ చిత్రం చూస్తూ ఒక క్షణం చెవి రిక్కిస్తే ఆశ్చర్యం లేదు.

అదే చిత్రంలో జబ్బా అనే దుష్టనాయకుడు తన భాషలో మాట్లాడితే తెర అడుగున ఇంగ్లీషు అనువాదం వస్తుంది. ఈవాక్‌ల మాటలకు ఆ సదుపాయం లేదు. మనకు ఆధారం ఒక్కడే, సి-త్రీపీవో అనే బంగారు రంగు మరమనిషి. అరవై లక్షలకు పైబడిన సంభాషణ రూపాలు తనకు వచ్చునని చెప్పుకునే ఈ పాత్రకు మన భాషలో సరైన పేరు దుబాసీ. ద్విభాషి నుంచి వచ్చిన ఈ మాట కోరమండల్ తీరంలో యూరోపియన్ కంపెనీల కాలంలో ఒక పెద్ద ఉద్యోగం పేరు. పుదుచ్చేరిలో డూప్లే దొర దగ్గర ఆనందరంగ పిళ్లై చేసిన పని అదే. యానాం విద్యార్థులకు ఈ చరిత్ర నేను చెప్పనక్కర లేదు.

ఆ చిత్రంలో ఒక రాత్రి ఘట్టం ఉంది. నెగడు చుట్టూ ఈవాక్‌లు మూగి ఉంటారు. త్రీపీవో వాళ్ల భాషలోనే యుద్ధ కథ చెబుతాడు. మనకు ఒక్క వాక్యం కూడా అర్థం కాదు. కాని లేయా, డార్త్ వేడర్ అన్న పేర్లు నడుమ నడుమ తగులుతాయి. వేడర్ ఊపిరి బరువూ, పేలుళ్లూ, ఇనుప వాహనాల అడుగుల చప్పుడూ నోటితోనే పలికిస్తాడు. పిల్ల ఈవాక్‌లు భయపడిన చోట మనకు భయం ఏ ఘట్టానిదో తెలుస్తుంది. హరికథ చెప్పే దాసుగారి ఎదుట తెలుగు రాని కన్నడ శ్రోత కూర్చుని కూడా కథతో సాగిపోవడం చూసినవారికి ఇది కొత్త కాదు. కథ ముగిశాక ఆ జాతి ఈ పరాయివాళ్లను తమలో కలుపుకుంటుంది. చిత్రంలో ఆ తర్వాత జరిగే యుద్ధమంతా ఈ మైత్రి మీద ఆధారపడి ఉంది. అంటే కథను మలుపు తిప్పింది ఒక అనువాదకుడు. వైజ్ఞానిక కల్పనా చిత్రాల్లో ఇది తరచుగా దొరికే సంగతి కాదు.

అసలు చిత్రం నిర్దోషమని నా అభిప్రాయం కాదు. ఈవాక్‌ల మాటను త్రీపీవో చేత ఆదిమ మాండలికం అనిపించారు. ఆదిమ భాష అనేది లేదని మొదటి సంవత్సరం పాఠంలోనే చెప్పుకుంటాం. పైగా నిజమైన మనుషుల భాషల నుంచి ధ్వనులు ఏరి బొచ్చు జీవుల నోట పెట్టడంలో ఒక నిర్లక్ష్యం ఉంది. ఇన్ని లోపాల మధ్య కూడా, తెలియని భాషను తెలియని భాషగానే వినిపించే ధైర్యం ఆ చిత్రానికి ఉంది.

ఆ ధైర్యం ఏ క్రమంలో సడలిందో చూడండి. 1984 నవంబరులో ఏబీసీలో వచ్చిన టెలివిజన్ చిత్రం 'కారవాన్ ఆఫ్ కరేజ్'లో ఈవాక్‌లు తమ భాషే మాట్లాడారు. పిల్లలకు కథ అందడానికి బర్ల్ ఐవ్స్ గొంతుతో వ్యాఖ్యానం పెట్టారు. 1985 నవంబరులో వచ్చిన 'ది బ్యాటిల్ ఫర్ ఎండోర్'లో వికెట్ అనే ఈవాక్, సిండెల్ అనే చిన్నపిల్ల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. ఇది కూడా ఒప్పదగినదే. నేర్చుకున్న భాష తడబడుతుంది, ఆ తడబాటులో స్నేహం కనిపిస్తుంది. ఈ రెండో చిత్రానికి రెండు నెలల ముందే మొదలైన బొమ్మల ధారావాహికలో మాత్రం వికెట్, నీసా, టీబో, లటారా అందరూ పుట్టినప్పటి నుంచీ అమెరికన్ బడిపిల్లల్లా ఇంగ్లీషు మాట్లాడేస్తారు.

జంతువులు మనుషుల భాష మాట్లాడటం పంచతంత్రంలో లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. ఆ సంప్రదాయంతో నాకు తగవు లేదు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది మనకు అనువాదమై వినిపిస్తోందనుకుంటే సరిపోతుంది. తొలి భాగంలో మోరాగ్ అనే మంత్రగత్తె విస్టీల రాణిని బంధించి అడవికి నిప్పు పెట్టించబోయే కథ వరకు ఈ సమాధానం చెల్లుతుంది. కాని ధారావాహికలో కొత్త జాతులు వస్తూనే ఉంటాయి. బురదనేలల డ్యూలోక్‌లు వస్తారు, దేశదిమ్మరి జిందాలు వస్తారు. రెండో సీజనులో 'బ్యాటిల్ ఫర్ ది సన్‌స్టార్' అనే భాగంలో సామ్రాజ్యం నుంచి ఒక శాస్త్రజ్ఞుడు అంతరిక్ష నౌకలో దిగుతాడు. అడవివాళ్లూ ఆకాశంవాళ్లూ ముఖాముఖి నిలిచిన చోట ఎవరికీ దుబాసీ అవసరం రాదు. 1983లో కథకు ప్రాణమైన సమస్య ఇక్కడ సమస్యే కాలేదు. పంచతంత్రంలో భాషాభేదం కథలో భాగం కాదు. ఎండోర్‌లో అదే కథ.

పిల్లలకు అర్థం కాదని ఇలా చేశారా? అదే సంస్థ, అదే ఛానలులో, అదే రోజున మొదలుపెట్టిన 'డ్రాయిడ్స్' ధారావాహికలో ఆర్టూ-డీటూ ఈలలూ కూతలూ తప్ప మాట్లాడదు. ఆంథొనీ డేనియల్స్ గొంతుతో త్రీపీవో ఇచ్చే జవాబును బట్టి ప్రశ్న ఏమిటో పిల్లలు ఊహించుకోవాలి, ఊహించుకున్నారు కూడా. మన దగ్గర 1957 నాటి 'మాయాబజార్' చాలదా? అస్మదీయులలోని సంయుక్తాక్షరాన్ని విడగొట్టి 'అసమదీయులు' అనీ, దానికి జోడుగా 'తసమదీయులు' అనీ పింగళి నాగేంద్రరావు రాక్షసుల చేత పలికించారు. మొదటిది పల్లె నోట నిత్యం వినే స్వరభక్తి, రెండోది తప్పు సాదృశ్యం వల్ల పుట్టిన రూపం. ఏ పిల్లవాడూ వ్యాకరణం చదివి నవ్వలేదు. రాక్షసులకు వాళ్లదైన పలుకుబడి ఉందని తెలిసి నవ్వాడు.

ఈ విషయం ఇంతగా పట్టించుకోవడానికి నాకు కారణం ఉంది. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడు ఏడెనిమిదేళ్లకే దుబాసీ అవుతాడు. ఆసుపత్రిలో నాయనమ్మ నొప్పి ఎక్కడో డాక్టరుకు తమిళంలోనో కన్నడంలోనో చెబుతాడు. డాక్టరు చెప్పినదాంట్లో ఏది ఆమెకు చెప్పాలో, ఏది దాచాలో అక్కడికక్కడే తేల్చుకుంటాడు. ఆ పని ఎంత కష్టమో, ఎంత గౌరవప్రదమో అతనికి ఎవరూ చెప్పరు. బడిలో అది లెక్కలోకి రాదు. అటువంటి పిల్లవాడికి నెగడు ముందు కథ చెప్పే త్రీపీవో ఒక బంధువులా తోస్తాడు. అతన్ని తీసేసి, విశ్వమంతా ఒకే భాష మాట్లాడుతుందని చూపించే ధారావాహికలో ఆ పిల్లవాడికి చేయడానికి పనే ఉండదు.

ప్రతిభ లేక ఇలా జరిగిందనడానికి వీల్లేదు. తర్వాత బ్యాట్‌మన్ బొమ్మల ధారావాహికతో పేరు తెచ్చుకున్న పాల్ డీనీ ఇందులో కొన్ని కథలు రాశాడు. మొదటి సీజను శీర్షిక గీతం బ్లూస్ గాయకుడు తాజ్ మహల్‌ది, వినదగ్గది. అడవి చిత్రణ కూడా బాగుంటుంది. 1997లో మూలచిత్రాన్ని సవరించి విడుదల చేసినప్పుడు, ముగింపులో ఈవాక్‌లు తమ భాషలో పాడే పాటను కూడా తీసేసి కొత్త సంగీతం పెట్టారు. చూడదలచిన విద్యార్థులు ముందు 1984 నాటి చిత్రం చూసి, వ్యాఖ్యానం లేని చోట్ల ఈవాక్‌ల మాటను తాముగా ఎంతవరకు పోల్చుకోగలిగారో రాసుకుని, ఆ తర్వాతే ధారావాహిక తొలి భాగం పెట్టుకుంటే మంచిది.