ముహూర్తపు వేళ వెలుగు: ఫ్లాషు దీపపు విద్య

తెలుగువారి పెండ్లిండ్లలో లగ్నము తఱచుగా రాత్రివేళనే పడును. సిద్ధాంతి పంచాంగము చూచి పెట్టిన ముహూర్తము అర్ధరాత్రి దాటి వచ్చినను, తెల్లవాఱుజామున వచ్చినను, వధూవరులును పురోహితుడును బంధుమిత్రులును ఆ ఘడియకు కట్టుబడియుండగా, వారి ముఖములను చిత్రమున నిలుపవలసిన ఫొటోగ్రాఫరు మాత్రము సూర్యోదయము కొఱకు వేచియుందునని చెప్పుటకు వీలులేదు. జీలకఱ్ఱ బెల్లము నడినెత్తిన ఉంచు క్షణమును, మంగళసూత్రపు మూడుముళ్లు పడు క్షణమును మరల రావు. అట్టి వేళ తన వెలుగును తానే వెంట తెచ్చుకొనుటకై ఛాయాగ్రాహకుడు సంపాదించుకొన్న సాధనమే కెమెరా నెత్తిన అమర్చు విడి ఫ్లాషు. దీనిని చేతబట్టినవారు వేలమంది కలరు గాని, దీని విద్యను శ్రద్ధగా అభ్యసించినవారు కొలదిమంది మాత్రమే. ఫ్లాషు వేసి తీసిన చిత్రమనగానే పాలిపోయిన ముఖము, నిగనిగలాడు నుదురు, వెనుక గోడమీద కత్తిరించి అతికినట్టి నల్లని నీడ మన మనస్సునకు తోచుటకు కారణము దాని ముఖమును ఎటు త్రిప్పవలెనో తెలియకపోవుటయేనని నా దృఢ విశ్వాసము.

కృత్రిమమైన మెఱుపుతో చిత్రము తీయు ప్రయత్నము నేటిది కాదు. 1887లో జర్మనీ దేశమున అడాల్ఫ్ మీథే, యోహానెస్ గేడికె అను ఇరువురు మెగ్నీషియము పొడిని పొటాసియం క్లోరేటుతో కలిపి మండించి, తీక్ష్ణమైన కాంతిని రెప్పపాటున పుట్టించు మార్గమును చూపిరి. న్యూయార్కు నగరమునందు జేకబ్ రీస్ అను పత్రికా విలేకరి, పగలు సయితము ఎండ చొరని అద్దె కొంపలలో బీదలు క్రిక్కిఱిసి బ్రదుకు తీరును ఆ పొడి వెలుగుననే చిత్రించి, 1890లో గ్రంథరూపమున ప్రకటించి, ధనవంతుల కన్నులు తెఱిపించెను. చీకటిలో ఉన్నవారిని లోకమునకు చూపుటయను ఈ ప్రయోజనము ఫ్లాషునకు పుట్టుకతో వచ్చినదే. పొడి మండినపుడు పొగయు నిప్పురవ్వలును ఎగసి ప్రమాదములు కలుగుచుండుటచే, 1930 ప్రాంతమున పలుచని లోహపు రేకును గాజుబుడ్డిలో బంధించి వెలిగించు బల్బులు వచ్చెను. ఒకసారి వెలిగిన బల్బు మరి పనికిరాదు గావున, ఆ కాలపు ఫొటోగ్రాఫరు ఒక్కొక్క చిత్రమునకును ముందుగా ఆలోచించి గాని మీట నొక్కెడివాడు కాడు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునందు హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల నుండి విద్యుత్ మెఱుపును సాధించి, పాలచుక్క పడినచోట లేచు కిరీటమును, ఆపిల్‌ను చీల్చుకొని పోవు తూటాను మనుష్యనేత్రమునకు గోచరింపజేసెను. నేడు మనము అంగడిలో కొను ఫ్లాషునందును ధర్మము అదియే: చిన్న బ్యాటరీల శక్తిని కెపాసిటరులో సుమారు 300 వోల్టుల వఱకు కూడబెట్టి, జీనాన్ వాయువు నింపిన గాజు గొట్టములోనికి ఒక్క పెట్టున విడుచుట.

ఇక ప్రయోగ విధానము. ఫ్లాషు ముఖము వెడల్పు బెత్తెడైనను ఉండదు. అంత చిన్న దీపము నుండి సూటిగా వచ్చు వెలుగు నీడల అంచులను కఱకుగా చేయును. లెన్సునకు అంటుకొనియుండి ఎదురుగా కొట్టుటచే ముక్కు ఎత్తును, చెక్కిలి వంపును చెఱిపివేసి ముఖమును బల్లపరుపుగా చూపును. నలుగు పెట్టి స్నానము చేయించి, రాత్రియంతయు హోమాగ్ని ఎదుట కూర్చుండబెట్టిన వధువు ముఖము చెమట పట్టియుండును గదా, ఆ తడి మీద సూటి వెలుగు పడినచో తెల్లని మచ్చలుగా తేలును. దీనికి విరుగుడు, దీపమును మనుష్యుని మీదికి కాక ఇంటికప్పు మీదికో గోడమీదికో త్రిప్పుట. మన స్టూడియోలవారు దీనినే ‘బౌన్స్ కొట్టుట’ యందురు. అట్లు చేసినపుడు బెత్తెడు దీపము పోయి, ఒకటి రెండు గజముల మేర తెల్లని గోడయే దీపమగును. వెలుగు పెద్ద ప్రదేశము నుండి వచ్చి నీడల అంచులను మెత్తబఱచును. అయితే నెత్తికి సరిగా పైకి త్రిప్పినచో కనుగుంటలలో చీకటి నిలుచును. ఆ కారణముచేత నేను కప్పుకంటె ప్రక్కగోడకే ఓటు వేయుదును: కెమెరాకు కొంచెము వెనుకగా, ఎడమ ప్రక్కకో కుడి ప్రక్కకో త్రిప్పిన ఫ్లాషు వెలుగు కిటికీలో నుండి పడు ఉదయపు వెలుగువలె ముఖముమీద ఒక వైపునుండి ప్రాకివచ్చి, రెండవ వైపున సన్నని నీడను మిగిల్చి, ముఖమునకు ఆకృతిని తిరిగి యిచ్చును.

ఈ ఉపాయము తెల్లని డాబా యింటిలో దివ్యముగా పనిచేయును గాని, నేటి ఫంక్షను హాలులో లెక్క చూచుకొనక తప్పదు. ఫ్లాషు బలమును గైడ్ నంబరుతో కొలుతురు. ఆ సంఖ్యను దూరముచే భాగించినచో పెట్టవలసిన ఎపర్చరు, అనగా లెన్సు తెఱపిని తెలుపు ఎఫ్ సంఖ్య, తెలియును. వెలుగునకు కెమెరా స్పందించు తీవ్రతను తెలుపు ఐ.ఎస్.ఒ. 100 వద్ద గైడ్ నంబరు 36 మీటర్లు గల ఫ్లాషును తీసికొందము. ఐ.ఎస్.ఒ. 1600కు పెంచినచో ఆ సంఖ్య నాలుగింతలై 144 అగును. కప్పు మీద పడి చెదరుటలో వెలుగు నాలుగవ వంతునకు తగ్గినదనుకొన్నచో ఆ సంఖ్య సగమై 72 మిగులును. హాలు కప్పు 8 మీటర్ల ఎత్తున ఉన్నచో వెలుగు పైకి పోయి క్రిందికి దిగుటకు సుమారు 13 మీటర్లు నడువవలెను. 72ను 13చే భాగింపగా ఎఫ్ 5.5 వచ్చును. అనగా ఎఫ్ 4 పెట్టినచో చాలును గాని, ఫ్లాషు ప్రతిసారియు తన బలములో సగమునకు పైగా వెచ్చించుచుండును. బ్యాటరీలు త్వరగా ఇగిరిపోవును, దీపపు తల కాగును, మరల నిండుటకు పట్టు వ్యవధిలో రెండవ ముడి పడిపోవును. పందిరి క్రింద చిక్కు మఱియొకటి కలదు: ఎఱ్ఱని, పసుపుపచ్చని షామియానా గుడ్డకు కొట్టిన వెలుగు ఆ రంగును పులుముకొని ముఖములపై దిగును. అట్టిచోట సహాయకుని చేతికి రెండడుగుల తెర్మోకోల్ అట్టనిచ్చి మండపము ప్రక్కన నిలుపుట వందల రూపాయల ప్లాస్టిక్ తొడుగులన్నిటికంటె మేలు. ఆరుబయట, పై కప్పు లేనిచోట, దీపపు తలపై చిన్న తొడుగు పెట్టి ఆకాశమునకు కొట్టువారిని చూచుచున్నాను; ఆ వెలుగులో పెక్కుపాలు నక్షత్రములకే పోవును.

దూరమును గూర్చిన ధర్మము ఇంతకంటె కఠినమైనది. వెలుగు దూరపు వర్గమునకు విలోమముగా తగ్గును: 2 మీటర్ల వద్దనున్న వధువుపై 100 పాళ్లు పడినచో, 4 మీటర్ల వద్ద నిలిచిన మేనమామపై 25 పాళ్లును, 8 మీటర్ల వద్ద వెనుకనున్న చుట్టములపై 6 పాళ్లును పడును. పాత ఆల్బములలో పెండ్లికూతురు వెలిగిపోవుచుండ, ఆమె వెనుక ఊరంతయు చీకటిలో మునిగియుండుటకు కారణమిదియే. ఫ్లాషు చిత్రము నిజమునకు ఒకదానిమీద నొకటి పడిన రెండు చిత్రములని గ్రహించినవానికి ఈ చిక్కు విడిపోవును. మెఱుపు సెకనులో అత్యల్పమైన వంతుననే ముగియును గావున షట్టరు వేగమును తగ్గించినంత మాత్రమున ఫ్లాషు వెలుగు పెరుగదు, కాని హాలులోని దీపముల వెలుగు పెరుగును. సెకనులో 200వ వంతునకు బదులు 50వ వంతు పెట్టినచో వధువు ముఖము ఉన్నట్లే యుండి, వెనుకనున్న తాతగారి ముఖము నాలుగింతల వెలుగుతో బయటపడును. వేగమును పెంచుటకు మాత్రము హద్దు కలదు. పెక్కు కెమెరాలలో షట్టరునకు రెండు తెరలుండి, సుమారు 200వ వంతు లేక 250వ వంతు వఱకే చట్రమంతయు ఒక్కసారి తెఱచియుండును; ఆ హద్దు దాటినచో తెరల నడుమ సన్నని చీలిక మాత్రమే జరిగిపోవుటచే చిత్రములో నల్లని పట్టీ పడును. హై స్పీడ్ సింక్ అను ఏర్పాటు గల ఫ్లాషులు ఆ చీలిక జరుగునంతసేపు వడివడిగా మినుకుచు ఈ హద్దును దాటించును గాని, బలమును చాల పోగొట్టుకొనును. మిట్టమధ్యాహ్నపు ఎండలో కనుగుంటల నీడలు తీర్చుటకే అది ప్రధానముగా పనికివచ్చును.

ఈ విద్య యంతయు ఒక్కచోట కూడి కనబడునది తలంబ్రాల వేళ. పసుపు కలిపిన బియ్యము దోసిలి నుండి జారి అడుగు దూరము పడునప్పటికి సెకనుకు సుమారు రెండున్నర మీటర్ల వేగమును పొందును. షట్టరు 200వ వంతు తెఱచియున్నపుడు గింజ పండ్రెండు మిల్లీమీటర్లు, అనగా తన పొడవునకు రెట్టింపు జరుగును. హాలు దీపముల వెలుగుననే తీసినచో గింజలు పసుపు గీతలై సాగును. అదే గింజపై పదివేలవ వంతు సెకను మెఱుపు పడినచో, ఆ వ్యవధిలో అది పావు మిల్లీమీటరు మాత్రమే కదలును, గింజ గింజయు గాలిలో విడివిడిగా నిలిచిపోవును. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఈ చుఱుకుదనము ఫ్లాషును తగ్గించి వెలిగించినపుడే లభించును. నేటి ఫ్లాషులలో బలము తగ్గించుటయనగా మెఱుపును త్వరగా ఆర్పివేయుటయే గావున, పూర్ణబలమున వందలవ వంతులలో సాగు మెఱుపు పదియాఱవ పాలు, ముప్పదిరెండవ పాలు బలమున వేలవ వంతులకు కుదించుకొనిపోవును. కనుక దీపమును మండపమునకు దగ్గఱగా, ప్రక్కగా తెచ్చి, బలమును తగ్గించి, వీడియోవారి దీపముల వెలుగు అణగునట్లు ఐ.ఎస్.ఒ.ను 800కు దింపి తీయవలెను. వెలుగు ఎదురుగా కాక ప్రక్కనుండి పడినపుడు ప్రతి గింజకును ఒక అంచు మెఱసి, వధూవరుల నవ్వు ఆ జల్లు నడుమ స్పష్టముగా కనబడును. ఎడ్జర్టన్ పాలచుక్కలో చూపిన ధర్మమే మన తలంబ్రాలలో ఫలించుచున్నది.

కెమెరా తనంతట తానే వెలుగును నిర్ణయించు టి.టి.ఎల్. పద్ధతి ఈ వేళ మోసపోవుటయు తెలిసియుండవలెను. మీట నొక్కగానే ఫ్లాషు మొదట ఒక చిన్న మెఱుపును విడిచి, తిరిగివచ్చిన వెలుగును కొలిచి, తరువాత అసలు మెఱుపును తూచి యిచ్చును. వధూవరులు మధుపర్కములు కట్టి, ఎఱ్ఱంచు తెల్లని వస్త్రములలో కూర్చుండియుండగా, ఆ తెల్లదనమును చూచి యంత్రము వెలుగు మిక్కుటమైనదని భ్రమపడి తగ్గించును. మల్లెపూవువంటి వస్త్రము బూడిదరంగుకు తిరుగును. ఒక మెట్టు పెంచుట ఒక ఉపాయము. పీటలమీది వారు కదలరు, మనమును కదలము గావున, బలమును చేతితో నిర్ణయించి అచ్చటనే నిలుపుట అంతకంటె నమ్మదగినది. రంగు సంగతియు ఇట్టిదే. ఫ్లాషు వెలుగు పగటి వెలుగువంటిది, సుమారు 5500 కెల్విన్; హాలులోని పసుపుపచ్చ దీపములు 3000కు అటునిటు. రెండును కలిసినపుడు ముఖము నీలి వెలుగునను, వెనుక భాగము నారింజ రంగునను ఉండి పొత్తు కుదరదు. ఫ్లాషు ముఖమునకు నారింజ జెల్ కాగితము తగిలించి, కెమెరాను ఆ దీపములకు అనుగుణముగా సరిచేసినచో పసుపు పసుపుగను, కుంకుమ కుంకుమగను నిలుచును.

కొనదలచువారు పెట్టెమీది పెద్ద గైడ్ నంబరును చూచి మురియరాదు. 60 అని వ్రాసినచోట అది దీపమును 200 మి.మీ. లెన్సునకు సరిపడ బిగించి కొలిచిన సంఖ్య కావచ్చును, 35 మి.మీ. వద్ద అదియే 40కి లోబడును. తల నిలువుగను అడ్డముగను, వెనుకకు సయితము తిరుగవలెను; బలమును చేతితో తగ్గించు వీలుండవలెను; కెమెరాకు దూరముగా నుంచి రేడియో ట్రిగ్గరుతో వెలిగింపదగినది కావలెను. ఈ మూడును లేని ఫ్లాషు ఎంత బలమైనదైనను నేను సిఫారసు చేయను. ఏ.ఏ. సైజు బ్యాటరీలు వాడునదైనచో నికెల్ మెటల్ హైడ్రైడ్ రకము నాలుగేసి జతలుగా గుర్తుపెట్టి, ఒక జతలోనివాటిని మఱియొక జతలో కలుపక వాడుకొనవలెను. ఆల్కలైన్ వానికంటె అవి దీపమును త్వరగా నింపును. పెండ్లిపనియే వృత్తియైనవారికి లిథియం బ్యాటరీ గల ఫ్లాషు ఖరీదునకు తగిన ఫలమిచ్చును.

ఫ్లాషు నార్పి ఉంచవలసిన చోట్లును కలవు. నాట్యసభలో ఇరువది మీటర్ల దూరము నుండి కొట్టిన మెఱుపు వేదికను చేరునప్పటికి బలము నశించి, ముందు వరుసలోని తలలను మాత్రమే తెల్లగా చూపును. పళ్లెపు అంచున పాదములు నిలిపి కూచిపూడి తరంగము ఆడుచున్న కళాకారిణి కన్నులలో మెఱుపు కొట్టుట అపరాధమని నా అభిప్రాయము. అచ్చట రంగస్థలపు దీపములే చాలును. శిశువునకు అన్నప్రాశన చేయునపుడు ఆర్ప నక్కఱలేదు గాని, సూటిగా కాక గోడకే కొట్టవలెను.

బీరువాలో తండ్రిగారి కాలపు ఫ్లాషు ఉన్నదని, దానిని క్రొత్త కెమెరాకు తగిలింపవచ్చునా యని కొందఱు అడుగుచుందురు. తొందరపడరాదు. ఆ కాలపు కొన్ని ఫ్లాషుల పాదము వద్ద 200 వోల్టులకు పైబడిన ఒత్తిడి ఉండును. నేటి కెమెరాలలో పెక్కు దానిని తాళలేవు. ఫ్లాషును నిండించి, మల్టీమీటరుతో నడిమి మొనకును ప్రక్క పట్టాకును నడుమ ఒత్తిడిని కొలిచి, కెమెరా పుస్తకములో చెప్పిన హద్దుతో సరిచూడవలెను. హద్దు మించినచో కెమెరాకు తాకింపక, దాని ఒత్తిడిని తాళగల, మఱియొక మెఱుపును చూచి వెలిగించు సెన్సారు పాదముపై నిలిపి మండపము వెనుక ఉంచవచ్చును. జడలోని పూలమీదను, భుజపు అంచుమీదను సన్నని వెలుగు రేఖ వేయుటకు దానికి పదియాఱవ పాలు బలము చాలును. బలము తగ్గించు మీట లేనిదైనచో, ముఖమునకు తెల్లని చేతిరుమాలును రెండు మడతలు వేసి కట్టవలెను.