లిఫ్టులో పాట

పాట చిత్రీకరణకు గొప్పదనం రంగులవల్ల, విదేశాలవల్ల వచ్చేది కాదు. 1978లో కె.బాలచందర్ తీసిన నలుపు తెలుపు ‘మరోచరిత్ర’లోని లిఫ్టు పాటే ఇందుకు సాక్ష్యం. ఇంట తమిళం మాట్లాడే కుర్రవాడు (కమల్‌హాసన్) తెలుగు సినిమా పేర్లనే గుదిగుచ్చి తెలుగమ్మాయికి (సరిత) మనసు విప్పుతాడు. ఆ ఇరుకులో కెమెరాకు వేరే దిక్కులేదు, ముఖాలనే చూడాలి. మాటలు అప్పు తెచ్చినవి, ప్రేమ మాత్రం సొంతం. డబ్బింగు లేకుండానే మద్రాసులో ఏడాదికి పైగా ఆడిందీ చిత్రం.

వేలూరు, గుడియాత్తంలలో మన పిల్లలు చాలామంది తెలుగు చదవలేరు. సినిమా పాటల మాటలే వారి మూలధనం. దాన్ని వెక్కిరించకండి, ఆ కుర్రవాడి పెట్టుబడీ అంతే. వారితో కూర్చుని ఈ పాట చూడండి. తర్వాత అందులోని సినిమా పేర్లతోనే అక్షరాలు దిద్దించండి.