గడప దాటని పనివాడు

పుస్తకాలకి సమీక్షలున్నాయి, సినిమాలకి సమీక్షలున్నాయి. కచేరీకి వెళ్ళొచ్చి, పై స్థాయిలో గాయకుడి గొంతు కాస్త జీరపోయిందని రాసేవాళ్ళూ ఉన్నారు. కానీ మన పనిలో సగం పంచుకుంటానని చెప్పి ఇంట్లో అడుగుపెట్టే వస్తువుల గురించి విమర్శ రాసే నాథుడు లేడు. ప్రకటనలు రాసేవాళ్ళున్నారు కదా అంటారేమో! పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పే వరుడి గుణగణాలు ఒకటీ, కాపరం చేసినావిడ చెప్పేది ఒకటీనా? నాలుగు నెలలుగా ఒక రోబో చీపురుతో కాపరం చేస్తున్న హక్కుతో ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

రోబో అనగానే చేతులూ కాళ్ళూ ఉండి, "అమ్మగారూ, కాఫీ పెట్టమంటారా?" అని అడిగే శాల్తీని ఊహించుకోకండి. ఇది గుండ్రంగా, పెద్ద పళ్ళెమంత వెడల్పున, నాలుగంగుళాల లోపు ఎత్తున నేలని అంటిపెట్టుకుని పాకే వస్తువు. కింద రెండు చక్రాలు, మధ్యలో గిరగిర తిరిగే కుంచె, పక్కన పిల్లి మీసంలా మూడు పోగుల బ్రష్షు, లోపల దుమ్ము పీల్చే ఫ్యాను, రెండు గ్లాసుల చెత్త పట్టే డబ్బా. ఆకలేస్తే తనంతట తనే వెళ్ళి గోడవార కరెంటు పీట దగ్గర నిలబడుతుంది. అన్నం పెట్టమని సతాయించని జీవి ఇంట్లో ఇదొక్కటే!

దీని వంశవృక్షం మరీ పాతదేం కాదు. గాలితో దుమ్ము పీల్చే యంత్రాన్ని 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు తయారుచేశాడు. అది ఇంట్లో పట్టేది కాదు. గుర్రపు బండి మీద వీధిలోకి తెచ్చి, కిటికీల్లోంచి పొడుగాటి గొట్టాలు లోపలికి దూర్చి శుభ్రం చేసేవారు. సరిగ్గా వందేళ్ళు తిరిగాక, 2001లో స్వీడన్‌కి చెందిన ఎలక్ట్రోలక్స్ సంస్థ తనంతట తాను తిరిగే 'ట్రైలోబైట్'నీ, ఆ మరుసటి ఏడు అమెరికాలో ఐరోబాట్ సంస్థ 'రూంబా'నీ బజారులో పెట్టాయి. అంటే ఈ పనివాడు పుట్టింది చలిదేశాల్లో, తివాచీలు పరిచిన ఇళ్ళ కోసం. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మన ఇంట్లో వీడి గుణదోషాలు సగం వాటంతటవే అర్థమవుతాయి.

ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనబడేది 'పాస్కల్' అనే మాట. 2,500 అని ఒకరంటే, 4,000 అని ఇంకొకరు, 8,000 అని మరొకరు వేలంపాట పాడుతుంటారు. అది పీల్చే శక్తికి కొలత. తివాచీ పోగుల్లో దాక్కున్న దుమ్ముని లాగాలంటే ఆ శక్తి కావాలి, నిజమే. మన నేలలు టైల్సో, మార్బులో, గ్రానైటో, పాత ఇళ్ళయితే మొజాయిక్కో. బోసినేల మీద దుమ్ము పైపైనే ఉంటుంది. దానికి 2,500 ధారాళంగా చాలు. ఆపైన పోసే డబ్బు శుభ్రానికి కాదు, చప్పుడుకి.

చూడవలసింది ఆ అంకె కాదు, వీడు దారెలా తెలుసుకుంటాడన్నది. అన్నిటికంటే చవక రకం గుడ్డిగా పోయి గోడని ఢీకొని, పక్కకి తిరిగి ఇంకో గోడని ఢీకొంటుంది. ఒకచోట పదిసార్లు ఊడుస్తుంది, పక్కచోట ఒక్కసారీ ఊడవదు. తరువాతి రకానికి లోపల గైరోస్కోపు ఉంటుంది. దుక్కి దున్నినట్టు సాళ్ళు సాళ్ళుగా పోతుంది. ఆపై రకానికి నెత్తిమీద చిన్న బుడిపె. అందులో లేజరు తిరుగుతూ గోడల దూరం కొలిచి, ఇంటి పటం గీసుకుంటుంది. ఒకప్పుడు ఖరీదైన వాటికే ఉన్న ఈ లేజరు ఇప్పుడు ఇరవైవేల లోపు వాటిలోకి కూడా దిగివచ్చింది. మేం కొన్నది ఆ బాపతే.

కెమెరాతో దారి చూసుకునే రకం కూడా ఉంది. దాని విషయంలో ఆడవాళ్ళం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పరీక్ష కోసం ఇళ్ళలో తిప్పిన రోబోలు తీసిన ఫొటోలు, స్నానాలగదిలో ఉన్న ఒక స్త్రీ ఫొటోతో సహా, ఎవరెవరి చేతుల్లోనో పడ్డాయని 2022 డిసెంబరులో ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టింది. లేజరుకి మనం మనిషిమో, బీరువామో తెలియదు. అదే మన అదృష్టం!

ఇక ఏమాటకామాటే చెప్పుకోవాలి. మంచం కింద ఊడ్చడంలో వీడికి సాటి లేడు. డబుల్‌కాట్ కింద, సోఫా కింద, బీరువా కాళ్ళ మధ్య, పండక్కీ పబ్బానికీ తప్ప చీపురు చూడని చీకటి కొంపల్లోకి వీడు రోజూ దూరి, తల మీద బూజుతో బయటికొస్తాడు. మొదటిరోజు డబ్బా తెరిస్తే, రోజూ ఊడ్చే ఇల్లేనా ఇది అనిపించింది. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకీ, నడుం వంగని వాళ్ళకీ ఈ ఒక్క గుణానికే వీడు ముద్దొస్తాడు. కొనేముందు మాత్రం టేపు పట్టుకుని మంచం కింద ఖాళీ కొలవండి. నాలుగంగుళాలకి పైన ఉండాలి.

ఇప్పుడు దోషాలు. మొదటిది గడప. ఈ చవక రకాలు దాదాపు 2 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఎక్కగలవు. పసుపు రాసి బొట్లు పెట్టిన మన దేవుడిగది గడప ముందుకొచ్చి, ముక్కుతో రెండుసార్లు తాటించి, భక్తుడిలా వెనుదిరిగి పోతాడు. గదిగదికీ గడపలున్న పాత ఇళ్ళవాళ్ళు ఎత్తి దించుతూ ఉండాలి. చంటిపిల్లాడి చాకిరీ అన్నమాట.

రెండవది కడప రాయి. మెట్ల మీంచి పడిపోకుండా వీడి పొట్టకింద పరారుణ కిరణాల కళ్ళుంటాయి. కిరణం నేలకి తగిలి తిరిగొస్తే నేల ఉన్నట్టు, రాకపోతే గొయ్యి ఉన్నట్టు. నల్లని నేల ఆ కిరణాన్ని మింగేస్తుంది. అంచేత నల్లని కడప పలకలో, నల్ల గ్రానైటు అంచో వస్తే కొన్ని యంత్రాలు అగాధం చూసినట్టు హడలిపోయి ఆగిపోతాయి. మీ నేల నలుపైతే, దుకాణంలో అడిగి, నల్లని పలక మీద నడిపించి చూశాకే డబ్బు తియ్యండి.

మూడవది ఆవాలు. పోపు డబ్బాలోంచి జారిన ఆవాల్ని ఆ పక్క మీసం పట్టుకోదు, చిమ్ముతుంది. ఒకచోట పడ్డవి వంటిల్లంతా పంచిపెట్టి గానీ కొన్నింటిని తినడు. దేవుడి ముందు పిండిముగ్గుకీ అదే గతి. ఇక నాలుగవది మన జుట్టు. మోకాళ్ళదాకా జడలేసుకునే రోజులు పోయినా, ఇంట్లో ఇద్దరాడవాళ్ళుంటే చాలు, వారం తిరిగేసరికి ఆ కుంచెకి సవరం కట్టినట్టు వెంట్రుకలు చుట్టుకుంటాయి. పూలదండ దారం కూడా తోడయితే కత్తెర పట్టుకుని పురిటి మంత్రసానిలా కూర్చోవాలి.

తడిగుడ్డ సంగతి అడక్కపోతేనే మర్యాద. వెనకాల చిన్న నీళ్ళ తొట్టి, దానికో గుడ్డ. తడిపిన గుడ్డని ఈడ్చుకుపోవడమే గానీ, రుద్దడం ఈ చవక రకానికి తెలియదు. దుమ్ము జాడ పోతుంది. చారు మరక, పాలు పొంగిన మరక, పసుపు చుక్క చెక్కుచెదరవు. ఊడ్పుకి వందకి డెబ్బై మార్కులు వేస్తాను. తుడుపుకి ముప్ఫై అయిదు, అదీ పాస్ చేయించాలన్న జాలి కొద్దీ.

మా అత్తగారి ఆక్షేపణ వేరు. చీపురు లక్ష్మీదేవి అంటారు. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. "మరి దీనికి కాలు తగిలితే ఏం చెయ్యాలే అమ్మాయ్?" అన్నారావిడ. మా పెద్దాడు ఫోనులో సాయంత్రం ఏడింటికి దీనికి వేళ పెడితే, "దీపాలు పెట్టాక ఇల్లు ఊడుస్తారుట్రా?" అని కేకలేశారు. వేళ పొద్దున్న పదింటికి మారింది. ఏ కొత్త వస్తువైనా ఇంటి ఆచారంతో రాజీ పడ్డాకే ఇంటిదవుతుంది.

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు విమర్శ ఇక్కడినుంచి మొదలవుతుంది. ఇది ఎవరి పని తగ్గించింది?

అమెరికాలో రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని ఒక పుస్తకం రాశారు. పేరులోనే ఉంది సారమంతా: అమ్మకి ఇంకాస్త పని! ఇంట్లోకి యంత్రాలొచ్చినప్పుడల్లా మగవాళ్ళూ పిల్లలూ పనివాళ్ళూ చేసే పనులు మాయమయ్యాయి గానీ, ఇల్లాలి పనిగంటలు తగ్గలేదన్నది ఆవిడ వాదం. ఏడాదికోసారి మగపిల్లలు తివాచీని పెరట్లోకి మోసుకెళ్ళి దులిపే పని, యంత్రం వచ్చాక ఇల్లాలు ఒంటరిగా వారంవారం చేసే పని అయిందట.

మన లెక్కలూ ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు అందులో గడిపేది రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్కపెడితే 289, 88. మనకి పది నిమిషాలు తగ్గేసరికి వాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి! ఉన్న తేడా ఉన్నట్టే ఉంది.

రోబో చీపురు ఈ తేడాని పెంచనూ గలదు, తగ్గించనూ గలదు. ఎందుకంటే ఇది ఊడవాలంటే ముందు నేల ఖాళీగా ఉండాలి. ఛార్జరు తీగలు, సాక్సులు, పిల్లల బొమ్మలు, దినపత్రిక, విప్పి పడేసిన లుంగీ, ఇవన్నీ ఎవరో ఒకరు ఎత్తాలి. ఆ ఎవరో ఒకరు మనమే అయితే చీపురు పట్టే పని పోయి, చీపురుకి దారి చేసే పని మిగిలిందన్నమాట. బాగానే ఉంది సంబడం!

మా ఇంట్లో మొదటి వారం నేను కావాలనే ఏదీ ఎత్తలేదు. మా పెద్దాడి ఇయర్‌ఫోను తీగని యంత్రం నమిలింది. మావారి లుంగీ అంచు పట్టుకుని, ఊపిరాడక కుయ్యోమొర్రోమంది. రెండో వారం నుంచి పదింటికి ముందే ఎవరి సరుకు వాళ్ళు ఎత్తుకోవడం మొదలెట్టారు. పదిహేనేళ్ళుగా నేను నోరు నొప్పెట్టేలా చెప్పి సాధించలేనిది, నోరులేనిది సాధించింది. డబ్బా ఖాళీ చెయ్యడం మా పెద్దాడి వంతు, కత్తెరతో జుట్టు తియ్యడం మావారి వంతు. ఈ ఒప్పందం కుదిరాకే నేను దీన్ని మంచి వస్తువని ఒప్పుకున్నాను. కుదరని ఇంట్లో ఇదే యంత్రం ఇంకో చాకిరీ.

ఇంకొక మనిషి ఉంది ఈ కథలో. ఎవరి పని తగ్గిందన్న ప్రశ్న నాకంటే ముందు మా ఇంట్లో పనిచేసే ఆవిడకి తట్టింది. రెండు నిమిషాలు దాన్ని తేరిపార చూసి, "బానే ఊడుస్తోందమ్మా. మంచాల కింద నేను దూరక్కర్లేదు. మరి దీనికి జీతం ఎంతిస్తారు? నాదాన్లోంచేనా?" అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళు నవ్వలేదు.

ఎందుకంటే ఆ లెక్క చాలా ఇళ్ళలో వేస్తున్నారు. మావారూ కాగితం మీద వేశారు. ఊడ్పుకీ తుడుపుకీ నెలకి పదిహేను వందలు. పన్నెండు నెలలకి పద్ధెనిమిది వేలు. యంత్రం ఖరీదూ అంతే. ఏడాదిలో డబ్బు వచ్చేస్తుంది! వినడానికి సొంపుగానే ఉంది. కానీ ఈ లెక్క రెండు చోట్ల తప్పుతుంది. యంత్రం ఊడ్చేది చదునైన నేలనే. మెట్లూ, తలుపు వెనక మూలలూ, గడపకి అవతలి వంటింటి గట్టూ, మరకలూ ఆవిడవే. పైగా ఫిల్టర్లూ బ్రష్షులూ మార్చాలి, కొన్నేళ్ళకి బ్యాటరీ నీరసిస్తుంది. ఇది కూడికల తప్పు. రెండోది న్యాయానికి సంబంధించిన తప్పు. మన నడుం వాలిస్తే దాన్ని సౌకర్యం అంటాం. ఆవిడ నడుం కాస్త తేలికపడితే అందుకు జరిమానా వెయ్యడం ఏం ధర్మం? జీతం పైసా తగ్గించలేదు. ఆవిడ పావుగంట ముందు పని ముగించుకుని వెళ్ళిపోతుంది. ఆ పావుగంట ఆవిడది.

కనక నా తీర్పు ఇది. నేల చదునుగా, లేతరంగులో ఉండి, గడపలు తక్కువగా ఉన్న ఫ్లాటులో, ఇంటివాళ్ళంతా ఎవరి సామాను వాళ్ళు ఎత్తుకుంటామంటే, లేజరు రకం చవక రోబో నిశ్చింతగా కొనండి. కొండచీపురు మాత్రం పారెయ్యకండి, ఆవాల కోసమైనా ఉండాలి. గదిగదికీ గడపలున్నా, ఇంటెడు సామానూ మీరే ఎత్తాలన్నా కొనకండి. పనిమనిషి జీతంలో కోత పెట్టడానికైతే అసలే కొనకండి.

కొన్నాక మాత్రం అది తిరుగుతున్నంత సేపూ వెనకాలే తిరుగుతూ, "అయ్యో, ఆ మూల వదిలేసిందే" అని నిలబడకండి. నేను చూసిన ఇళ్ళలో సగం మంది ఆడవాళ్ళు చేస్తున్నది అదే. వాడంటే గడప దాటలేడు. మనకేం వచ్చింది? చెప్పులేసుకుని అలా బయటికెళ్ళి రండి.