వీపు మాత్రమే చూసిన బాలుడు

రాబర్ట్ పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' 1974లో వెలువడింది. 1968లో కొడుకు క్రిస్‌ను వెనుక కూర్చోబెట్టుకొని, కొద్దిపాటి సామానుతో మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియాకు బండి మీద చేసిన ప్రయాణమే దీనికి ఆధారం.

పేరు చూసి దీన్ని బౌద్ధ గ్రంథమనుకోకూడదు. ఆ మాట రచయితే ముందుగా హెచ్చరించారు. అయినా ఇంజను చప్పుడును వినడంలో, చైను బిగించడంలో ఆయన చూపిన ఎరుక సమ్యక్ స్మృతికి దగ్గరే. మిత్రుడి ఖరీదైన బండి హ్యాండిల్ వదులైతే, బీరు డబ్బా రేకుతో సరిచేస్తానంటారు. మిత్రుడు నొచ్చుకుంటాడు. వస్తువు గుణాన్ని వదిలి పుట్టుకను చూసే బుద్ధి మనకు కొత్తదా?

అయితే ఆ ఎరుక మనుషుల దాకా రాలేదు. తన బండిని పాడుచేసిన మెకానిక్‌ల అశ్రద్ధను తప్పుపట్టారు గాని, వారి కూలి ఎంతో అడగలేదు. దారి పొడవునా క్రిస్‌కు కనిపించింది తండ్రి వీపే. చివర్లో లేచి నిలబడ్డాకే ముందున్న దారిని చూస్తాడు.

మన షెడ్లలో పానా తిప్పే పిల్లలకు ఈ పని ధ్యానం కాదు, కూడు. ప్రజ్ఞతో పాటు కరుణ కూడా ఉంటేనే ధమ్మమని అంబేద్కర్ బోధించారు. ఈ పుస్తకంలో మొదటిది నిండుగా ఉంది. రెండోది ఆలస్యంగా వచ్చింది. చదవండి, ఆ లోటును గుర్తుంచుకొని చదవండి.