చూపు ఒకటి, గొంతు మరొకటి

భయానికి ఎదురుగా ఏదో ఒకటి ఉంటుంది: పాము, చీకటి, రేపు రాబోయే ఫలితం. ఆందోళనకు ఆ ఆసరా కూడా అక్కర్లేదు. అంతా సవ్యంగా ఉన్న వేళ గుండె దడదడలాడుతుంది. ఫోన్ మోగితే ఉలికిపాటు, మోగకపోతే మరో గుబులు. లోపల జరిగే ఈ అలజడిని, పైకి కనిపించేవాటితో మాత్రమే పనిచేసే కెమెరా ఎలా పట్టుకోవాలి? ఎనభై ఏళ్ళుగా మంచి లఘుచిత్రాలు ఈ ప్రశ్నతో పెనుగులాడుతున్నాయి. వాటిని వరసగా చూసినప్పుడు నాకు ఒక సూత్రం తేటపడింది. తెర మీది బొమ్మ, వినిపించే గొంతు ఒకే మాట చెబితే మనకు సంగతి తెలుస్తుంది, అంతే. రెండూ చెరో మాట చెబితే, ఏది నమ్మాలో తేలక మన గుండెలోనూ అదే గుబులు పుడుతుంది.

ఈ పనికి లఘుచిత్రం బాగా నప్పుతుంది. రెండున్నర గంటల సినిమా ప్రేక్షకుడికి మధ్యమధ్య ఊపిరి తీసుకునే వీలు ఇవ్వాలి, చివర్లో ఏదో ఒక ఊరట చూపించాలి. పదిహేను నిమిషాల చిత్రానికి ఆ బాధ్యత లేదు. ఒకే మనఃస్థితిని పట్టుకుని, దాన్ని బిగిస్తూ పోయి, ముడి విప్పకుండానే ఆగిపోవచ్చు.

ముందుగా కెమెరా సంగతి. మాయా డెరెన్, అలెగ్జాండర్ హమీద్ 1943లో లాస్ ఏంజిలిస్‌లోని ఒక ఇంట్లో తీసిన ‘మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’ సుమారు 14 నిమిషాల మూకీ చిత్రం. దానికి సంగీతం చేరింది 1959లో. తాళంచెవి, కత్తి, టెలిఫోన్, మేడమెట్లు అందులో మళ్ళీమళ్ళీ వస్తాయి, వచ్చిన ప్రతిసారీ కాస్త తేడాగా కనిపిస్తాయి. మెట్ల మీద కథలోని స్త్రీ తూలుతుంటే కెమెరా కూడా పక్కకు ఒరుగుతుంది. దాంతో ఇల్లే ఊగుతున్నట్టు ఉంటుంది. రోజూ చూసే వస్తువు మీద నమ్మకం పోవడమే ఆందోళనకు మొదటి గుర్తు. దాన్ని ఒక్క మాట కూడా లేకుండా చెప్పిన చిత్రం ఇది.

గొంతు వచ్చి చేరితే ఏం జరుగుతుందో క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెతే’లో చూడాలి. నిడివి 28 నిమిషాలు. మూడో ప్రపంచయుద్ధం తర్వాత పారిస్ నేలమాళిగల్లో ఒక ఖైదీ మీద జరిగే ప్రయోగాల కథ అది. దాదాపు మొత్తం నిశ్చల ఛాయాచిత్రాలే. వ్యాఖ్యాత జ్యాఁ నెగ్రోనీ గొంతు ఎక్కడా పైకి లేవదు, ఎక్కడా వణకదు. జరిగిపోయిన విషయాన్ని నివేదిస్తున్నట్టు సాగిపోతుంది. దాని వెనక ప్రయోగం చేసేవాళ్ళు జర్మన్‌లో గుసగుసలాడుతుంటారు, గుండె చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. బొమ్మ కదలదు, కాలం మాత్రం కదిలిపోతోందని చెవి చెబుతూనే ఉంటుంది. ఒక్కచోట మాత్రం, నిద్రలోంచి మేలుకున్న స్త్రీ కళ్ళు ఆర్పే క్షణాన, బొమ్మ నిజంగా కదులుతుంది. అప్పుడు వ్యాఖ్యాత మౌనంగా ఉంటాడు. ఎక్కడ మాట్లాడాలో తెలిసినవాడికే ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది.

ఇదే పద్ధతిని మనకు దగ్గరి కాలంలో మరో దారిన నడిపించినవాడు అమెరికన్ యానిమేటర్ డాన్ హెర్ట్జ్‌ఫెల్డ్. 2006 నాటి ‘ఎవ్రీథింగ్ విల్ బీ ఓకే’ నిడివి 17 నిమిషాలు. అది మరుసటి ఏడు సన్‌డాన్స్ ఉత్సవంలో లఘుచిత్రాల గ్రాండ్ జ్యూరీ బహుమతి అందుకుంది. బిల్ అనే మనిషి నాలుగు గీతల బొమ్మ, నెత్తిన ఒక టోపీ. దారిలో తెలిసిన మనిషి ఎదురైతే పేరు గుర్తురాక అతను పడే ఇబ్బందితో చిత్రం మొదలవుతుంది. నల్లటి తెర మీద చిన్నచిన్న కిటికీల్లో బొమ్మలు వెలుగుతాయి. ఒకదాంట్లో బస్టాపు, ఇంకోదాంట్లో వంటగది. అతని మతి చెదిరేకొద్దీ ఆ కిటికీలు పెరుగుతాయి, గాలి హోరు, యంత్రాల రొద ఒకదాని మీద ఒకటి పడతాయి. దర్శకుడే చదివిన వ్యాఖ్యానం మాత్రం మూడో మనిషి కథలా, ఎంతో మామూలుగా వినిపిస్తుంది. బిల్ ఏం కొన్నాడు, ఏం తిన్నాడు, ఏం కల కన్నాడు అని చెబుతూ పోతుంది. ‘భయపడ్డాడు’ అని పదేపదే చెప్పే వ్యాఖ్యానానికి ఈ బలం రాదు.

ఇక గొంతు ఒక చోట, కెమెరా మరో చోట ఉంటే? స్పెయిన్ దర్శకుడు రొద్రిగో సొరొగోయెన్ ‘మాద్రే’ (2017) కథంతా ఫోన్ మీదే నడుస్తుంది. ఆరేళ్ళ కొడుకు ఎక్కడో సముద్రతీరం నుంచి మాట్లాడుతుంటాడు. తోడుగా ఉండాల్సిన తండ్రి కనిపించడం లేదు, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతోంది. పిల్లాడు మాట్లాడుతున్నంతసేపూ కెమెరా మాత్రం తల్లి ఇల్లు దాటదు, కట్ లేకుండా ఆమె వెంటే గదులన్నీ తిరుగుతుంది. పిల్లాడి దగ్గరికి ఆమె వెళ్ళలేదు, మనమూ వెళ్ళలేం. ఒక్క కట్ చేసి తీరంలోని పిల్లాణ్ణి చూపించి ఉంటే ఉత్కంఠ సగం తగ్గిపోయేది. చూపించకుండా ఉండటమే ఆ దర్శకుడి నేర్పు. 2019 ఆస్కార్‌లలో ఈ చిత్రం నామినేషన్ దాకా వెళ్ళింది.

వీటినుంచి నేర్చుకోదగిన పనితనం చాలా ఉంది. ఆందోళన అనగానే కెమెరాను చేత్తో పట్టుకుని ఊపేయడం మనవాళ్ళలో ఎక్కువ. ఊపు మొదటి పది సెకన్లు పనిచేస్తుంది, తర్వాత కంటికి అలవాటైపోతుంది. దానికంటే కదలని ఫ్రేమ్‌లో మనిషిని ఒక మూలకు నెట్టి, మిగతాదంతా ఖాళీగా వదిలిపెడితే, ఆ ఖాళీలోకి ఏదో వస్తుందని ప్రేక్షకుడు ఎదురుచూస్తూనే ఉంటాడు. కట్ పడాల్సిన చోట మరో నాలుగు సెకన్లు ఆగినా అంతే. ముఖానికి బదులు గోళ్ళు గిల్లుకునే వేళ్ళ మీద ఫోకస్ పెట్టవచ్చు. వైడ్ లెన్స్‌తో ముఖానికి మరీ దగ్గరగా వెళితే ముక్కూ నుదురూ సాగి, తెలిసిన ముఖమే కొత్తగా కనిపిస్తుంది. ట్రాలీని వెనక్కి లాగుతూ జూమ్‌ను ముందుకు నెట్టే షాట్ హిచ్‌కాక్ ‘వెర్టిగో’ (1958)తో పేరుకెక్కింది. చిన్న చిత్రంలో దాన్ని ఒక్కసారి, సరైన చోట వాడితే చాలు.

గొంతు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మైక్‌ను జానెడు దూరంలో పెట్టి, పరుపులూ దుప్పట్లూ ఉన్న గదిలో రికార్డు చేస్తే ప్రతిధ్వని పోతుంది, చెవిలోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఊపిరి తీసుకునే చప్పుడు, గుటక మింగిన చప్పుడు ఎడిటింగ్‌లో చెరిపేయకూడదు, ఆందోళన దాగి ఉండేది వాటిలోనే. షాట్ కంటే ఒక క్షణం ముందే గొంతును వదిలితే మనసు బొమ్మ కంటే ముందు పరుగెత్తుతుంది. నేపథ్యసంగీతం (ఆర్.ఆర్.) తగ్గించాలి. వయొలిన్లు భయపడమని ఆజ్ఞాపిస్తే ప్రేక్షకుడు భయపడడు. అన్నిటికంటే ముఖ్యం రాత. ‘నాకు చాలా ఆందోళనగా ఉంది’ అనే వాక్యం ఆందోళనను ప్రకటిస్తుంది. ‘గ్యాస్ కట్టేశానా? కట్టేశాను. చూశానా? చూశాను. సరిగ్గా చూశానా?’ అనే వాక్యాలు దాన్ని ప్రేక్షకుడికి అంటిస్తాయి.

తెలుగులో దీనికి నేల సిద్ధంగానే ఉంది. ఉస్మానియా విద్యార్థి రవి ఒక్క రోజు మనసును నవలంతా పరిచిన నవీన్ ‘అంపశయ్య’ 1969లోనే వచ్చింది. గొంతులతోనే ఇల్లు, వాకిలి, వాన, రైలు కట్టి చూపిన ఆకాశవాణి నాటకాలు మన చెవులకు తర్ఫీదు ఇచ్చాయి. ‘పెళ్ళిచూపులు’ (2016)కి ముందు తరుణ్ భాస్కర్ తీసినవి లఘుచిత్రాలే. యూట్యూబ్ పుణ్యమా అని ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు తీస్తున్నారు. ప్రేమకథలకు, నవ్వులకు దక్కిన శ్రద్ధ ఈ లోపలి గోడుకూ దక్కాలి.

విషయాల కోసం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. ఇంటర్ హాస్టల్‌లో ఆదివారం సాయంత్రం. ఫోన్‌లో అమ్మ గొంతు: ‘తిన్నావా నాన్నా?’ ‘ఆఁ, తిన్నానమ్మా. బాగానే ఉంది.’ కెమెరా ముట్టని కంచం మీద నిలిచి ఉంటుంది. ‘వీక్లీ టెస్ట్ ఎలా రాశావ్?’ ‘బాగా రాశా.’ కెమెరా బల్ల అంచును గీకుతున్న బొటనవేలి మీదకు వెళుతుంది. ఆ అబ్బాయి ముఖం చూపించక్కర్లేదు, ఏడ్పించక్కర్లేదు. ఇది చూసిన ఏ తల్లికైనా, మళ్ళీ ఫోన్ చేసినప్పుడు ‘బాగానే ఉంది’ అన్న మాట వెనక ఇంకేదో వినిపిస్తుంది. ‘ఊరికే కంగారు పడతావెందుకు’ అని తీసిపారేసే ఇంట్లో, ఆ కంగారు లోపలినుంచి ఎలా ఉంటుందో ఐదు నిమిషాల్లో తెలియజెప్పడం చిన్న సేవ కాదు.

అందుకే తీయబోయేవాళ్ళకు నా మనవి. కాగితం మీద నిలువుగా గీత గీయండి. ఒక పక్క కనిపించేది, మరో పక్క వినిపించేది రాయండి. రెండు పక్కలా ఒకే సంగతి ఉన్న చోటల్లా ఒకదాన్ని కొట్టేయండి. మిగిలినదే మీ చిత్రం. దానికి ఒక ఫోను, చప్పుడు లేని గది, నిజం చెప్పాలన్న పట్టుదల ఉంటే చాలు.