ఏ ఆవును ఉంచుకోవాలి

చేతికి పొడవాటి గ్లవ్ తొడుక్కుని చూడి పరీక్ష చేస్తున్నంతసేపూ రైతు ఆవును చూడడు, డాక్టరు ముఖం చూస్తాడు. మద్రాసు వేపేరి పశువైద్య కాలేజీలో ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. రెండో నెల దాటేసరికి గర్భసంచి కొమ్ముల్లో ఒకటి రెండోదానికంటే లావెక్కుతుందనీ, మూడో నెలకు నీళ్లు నింపిన బెలూనులా చేతికి జారుతుందనీ, ఆ తర్వాత గర్భసంచికి పోయే రక్తనాళం కొట్టుకునే తీరే మారిపోతుందనీ చెప్పారు. అదంతా చేతికి సంబంధించిన చదువు. ‘చూడి లేదు’ అని చెప్పాక ఆ ఇంట్లో మొదలయ్యే లెక్క సంగతి మాత్రం సూళ్లూరుపేట, నాయుడుపేట చుట్టుపక్కల ఉద్యోగం చేసిన రోజుల్లోనే తెలిసింది.

ఆ లెక్క చాలా కఠినం. ఆవు తొమ్మిదిన్నర నెలలు, అంటే సుమారు 285 రోజులు మోస్తుంది. ఏడాదికో ఈత రావాలంటే ఈనిన తర్వాత మిగిలేవి 80 రోజులే. అందులోనే గర్భసంచి కుదుటపడాలి, ఎదకు రావాలి, కృత్రిమ గర్భధారణ సూది నిలవాలి. ఎద 21 రోజులకోసారి వస్తుంది. నాటు ఆవుల్లో అది ఏ అర్ధరాత్రో వచ్చి, తెల్లారేసరికి పోతుంది. ఒక్క ఎద కనిపెట్టలేకపోతే మూడు వారాల మేత దండగ. సూది నిలవక మూడుసార్లు తిరగపొర్లిందంటే ఇక రైతు నోట ఒకే ప్రశ్న: “ఇంకోసారి సూది వేద్దామా సార్, లేకపోతే తోలేద్దామా?”

తోలేయడం. పశుపోషణలో సగం విద్య ఇదే. దీని గురించి మనం మాట్లాడం. ఆబోతును ఎలా ఎంచాలో ఎవరినడిగినా చెబుతారు. మూపురం నిలువు, గంగడోలు మడతలు, సుళ్లు, గిట్టల నలుపు అంటూ గంటసేపు చెబుతారు. ఏ ఆవును వదిలించుకోవాలో అడిగితే మాట దాటేస్తారు. మన దగ్గర మాంసం కోసమే పెంచే ఆవుల మంద అంటూ లేదు. మాంసం అనేది నాగలికీ పాలకూ తోకలా మిగిలిన వ్యాపారం. అందుకే ఆ నిర్ణయానికి పద్ధతంటూ ఏర్పడలేదు. బేరగాడు గుమ్మంలోకి వచ్చిన రోజు, ఇంట్లో డబ్బు అవసరం పడిన రోజు, అది జరిగిపోతుంది.

ఇందుకు పూర్తి విరుద్ధంగా బ్రెజిల్‌లో నడిచిన కథ మన ఒంగోలు పశువులదే. 1868లో ఇంగ్లండుకు వెళుతున్న ఓడలోని ఒంగోలు జత ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో అమ్ముడుపోయిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1878లో లెమ్‌గ్రూబర్ అనే ఆసామి హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఇంకో జత తెప్పించుకున్నాడు. అప్పట్లో ఒంగోలు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ ఆ జాతికి నెలోర్ అన్న పేరు పడింది. 1960ల తొలినాళ్లలో మళ్లీ కొన్ని ఆబోతులు వెళ్లాయి. వాటిలో ఒకదాని పేరు కరవది, ఒంగోలు పక్కనున్న ఊరి పేరు. ఇవాళ బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా ఉన్న పశువుల్లో నెలోర్ రక్తం లేని మందలే తక్కువ. 2023లో వయాతినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలం వేస్తే, ఆవు మొత్తం విలువ 2 కోట్ల 10 లక్షల బ్రెజిల్ రియళ్లుగా తేలింది. దాని బరువు 1,101 కిలోలు.

ఈ వార్త వచ్చినప్పుడల్లా మనవాళ్లు గర్వంగా ఫోన్లో పంపుకుంటారు. నేనూ పంపాను. కానీ ఆ ఆవును తయారుచేసింది ఒక్క కరవది వంటి ఆబోతులే కాదు. అక్కడి మందల్లో ఆబోతును ఏడాది పొడవునా వదలరు. వానలకు ముడిపెట్టి రెండు మూడు నెలలే దాటిస్తారు. ఆ గడువు ముగిశాక మందనంతా వరసగా చూడి పరీక్షకు నిలబెడతారు. ఖాళీగా తేలిన ఆవు రూపం ఎంత బాగున్నా కబేళాకు పోతుంది. దూడను దగ్గరికి రానీయనిది, మనిషి మీదికి దూకేది, పొదుగు చెడినదీ అంతే. ఇప్పుడు కొన్ని మందల్లో పడ్డలను 14 నెలల వయసుకే ఆబోతు దగ్గరికి వదిలి, చూడి కట్టినవాటి సంతతికే పెద్దపీట వేస్తున్నారు. మన ఒంగోలు పడ్డకు మూడేళ్లు దాటితేగానీ తొలి ఈత రాదు. రక్తం ఒక్కటే, మూలం ఒక్కటే. తేడా అంతా ఏది మిగిలింది, ఏది పోయింది అన్నదాంట్లో ఉంది.

అలాగని మన రైతుకు ఎంపిక తెలియదనడం అన్యాయం. ఇంటి పెద్ద పోయినప్పుడు అచ్చుపోసి వదిలే కోడెదూడను ఊరి పెద్దలు చూసి ఎంచేవారు. నాసిరకం దూడను దేవుడికి వదిలితే పరువు పోయేది. కోడెదూడకు చన్నుల్లో పాలు ఎక్కువ వదిలేవాళ్లు, పెయ్యకు తక్కువ. ఎందుకంటే ఆవు దేనికి అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర ఒకే జవాబు ఉండేది: రేగడి దున్నే ఎద్దును కనడానికి. ఆ కొలత మీదే మంద నిలబడింది. ట్రాక్టరు వచ్చి ఆ కొలతను పట్టుకుపోయింది. పాల కొలత పెడితే ఒంగోలు ఆవు జెర్సీ సంకరం ముందు నిలవదు. మాంసం కొలత పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఇప్పుడు మిగిలింది బండలాగుడు పందెం. దానితో ఓ పది ఇళ్ల పరువు నిలబడుతుందేమో గానీ జాతి నిలబడదు. లాం ఫారంలోనూ, చదలవాడలోనూ ప్రభుత్వం మందలను కాపాడుతోంది, మంచిదే. అయితే కాపాడడం వేరు, పెంచడం వేరు.

మా మద్రాసు నగరం ఈ విషయంలో చేసిన పాపం చిన్నది కాదు. భూమి లేని పట్నం పాలవాడికి పాలిచ్చే ఆవు కావాలి, వట్టిపోయిన ఆవును మేపే చోటు అతనికి ఉండదు. దాంతో పల్లెలో బాగా పాలిచ్చే ఆవే పట్నానికి వచ్చేది. వట్టిపోగానే మళ్లీ చూడి కట్టించే ఓపిక లేక కబేళాకు పోయేది. దూడ అంతకుముందే పోయేది. 1928లో నివేదిక ఇచ్చిన వ్యవసాయ రాయల్ కమిషన్ నాటికే పెద్ద నగరాలు మంచి పాడిపశువులను ఇలా మింగేస్తున్నాయన్న ఆందోళన ఉంది. తలకిందులైన ఏరివేత ఇది. మంచివి పోయాయి, పట్నం పాలవాడు వద్దన్నవి పల్లెలో మిగిలి ఈనాయి.

ఇప్పుడు చెన్నైలో ఇంకో రకం. కోయంబేడు మార్కెట్ దగ్గర పారేసిన కాబేజీ ఆకులు తినే ఆవుల్లో పాలిచ్చేవీ ఉన్నాయి, వట్టిపోయినవీ ఉన్నాయి, ఎవరికీ అక్కర్లేని కోడెదూడలూ ఉన్నాయి. 2024లో కార్పొరేషన్ ఆవులను రోడ్డు మీద వదిలితే వేసే జరిమానాను తొలిసారికి 10,000, మళ్లీ దొరికితే 15,000 రూపాయలకు పెంచింది. జరిమానా రోడ్డును ఖాళీ చేస్తుందేమో. ఆ ఆవును ఏం చెయ్యాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

చట్టం ఆ ప్రశ్న అడిగింది, తనదైన రీతిలో. తమిళనాడులో 1958 నాటి చట్టం పదేళ్లు దాటి, పనికీ సంతానానికీ పనికిరాని పశువును కోయవచ్చంది. 1976లో ఆవులనూ పెయ్యలనూ కోయడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం ఆవును పూర్తిగా నిషేధించి, ఎద్దుకూ గేదెకూ సర్టిఫికెట్ పెట్టింది. ఆ కాగితం మీద సంతకం మాబోటి వాళ్లది. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి, కాళ్లు నడిపించి చూసి, ఇది ఇక దేనికీ పనికిరాదని రాయడం. నిక్షేపంలాంటి ఎద్దును చూపించి సంతకం అడిగినవాళ్లున్నారు. పెట్టనంటే ‘మీ నాగలికి కట్టుకోండి సార్’ అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటకు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఈత దగ్గర మాత్రం ఈ వాదాలేవీ ఉండవు. అక్కడ తొమ్మిది నెలల కిందటి నిర్ణయం కాళ్లు చాపి బయటికొస్తుంది. రెండు వందల కిలోలైనా తూగని జెర్సీ పడ్డకు హోల్‌స్టీన్ సూది వేయిస్తే, ఆ రాత్రి తాళ్లు కట్టి లాగేది నలుగురు మనుషులు. దూడ బతికినా తల్లి లేవకపోవచ్చు, మాయ పడకపోవచ్చు, గర్భసంచి పాడై మళ్లీ చూడి కట్టకపోవచ్చు. పెద్దయ్యాక తూగే బరువులో అరవై శాతం వచ్చేదాకా పడ్డను ఆపమని చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. ఒంగోలు దూడ సన్నగా పుడుతుంది, ఎవరూ లాగక్కర్లేదు, కాసేపట్లో లేచి తల్లి దగ్గర పాలు వెతుక్కుంటుంది. బ్రెజిల్ వాడు వేల ఎకరాల్లో కాపలా లేకుండా ఈనించగలుగుతున్నాడంటే సగం ఇందుకే.

ఇక కొత్తగా పెయ్యదూడలే పుట్టే సూదులు వచ్చాయి. పదింట తొమ్మిది పెయ్యలే. 2012, 2019 పశుగణనల మధ్యే దేశంలో ఆవుజాతి మగపశువులు దాదాపు 30 శాతం తగ్గాయి; ఈ సూది ఆ పనిని కడుపులో పడకముందే పూర్తిచేస్తుంది. కోడెదూడను రోడ్డు మీద వదిలే బాధ తప్పుతుంది కాబట్టి సంకర ఆవులకు నేను సరేనంటాను. ఒంగోలుకు మాత్రం వద్దంటాను. వంద కోడెదూడలు పుడితే ఒక్క ఆబోతు దొరుకుతుంది. ఆ వందా పుట్టకపోతే ఎంచడానికి ఏముంటుంది?

గుమ్మిడిపూండి దాటాక ఒక తెలుగు కుటుంబం ఉంది, తాతల నాటి నుంచీ ఒంగోలు ఆవులే వాళ్ల కొట్టంలో. రిటైరయ్యాక కూడా నన్ను పిలుస్తుంటారు. పోయిన నెల ఆ ఇంటి అబ్బాయి రెండు ఆవులు చూపించాడు. ఒకటి కేలండరు మీద వేయదగ్గ రూపం, కానీ మూడుసార్లు తిరగపొర్లింది. రెండోది పొట్టి, మూపురం ఒక పక్కకు వాలింది, ఏడాది తిరిగేసరికి ఈనుతుంది.

“ఏది ఉంచమంటారు సార్?”

“పొట్టిదాన్ని. పొడగరి ఆబోతు సూది వేయించు.”

“పొట్టిదాని దూడను ఎవరు కొంటారు సార్? సంతలో రూపమేగా చూసేది.”

“మరి ఆ రూపం దూడనే ఇవ్వట్లేదు కదయ్యా.”

కాసేపు తల గోక్కున్నాడు. “దాన్ని తోలేస్తే మా అమ్మ అన్నం ముట్టదు సార్. ఆమె చేతి మీద పెరిగింది.”

“అయితే ఇంటి ఆవుగా ఉంచుకో, తప్పేంలేదు. మంద లెక్కలో మాత్రం కలపొద్దు. దాని గడ్డీ తవుడూ వేరే పుస్తకంలో రాయి. ఏడాది చివర ఆ అంకె చూడు.”

“రాస్తాను సార్,” అన్నాడు, “ఆ పుస్తకం అమ్మ కంట పడకుండా ఎక్కడ పెట్టాలో కూడా మీరే చెప్పాలి.”