కోత ఎక్కడ పెట్టాలి

ల్యాప్‌టాప్ షాపులో ప్రతి మిషన్ పక్కనా ఒక చీటీ నిలబెట్టి ఉంటుంది. మొదటి వరసలో ప్రాసెసర్ పేరు, రెండో వరసలో ర్యామ్, మూడో వరసలో స్టోరేజీ, ఆ కింద కొట్టేసిన పాత ధర, ఎర్రరంగులో కొత్త ధర. బరువు రాస్తే గీస్తే అడుగున చిన్నక్షరాల్లో రాస్తారు. బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో, తెర ఎంత వెలుగిస్తుందో, వెనక మూత విప్పితే మార్చుకోగలిగినవి ఏమున్నాయో ఎక్కడా కనపడదు. చీటీలో ఉన్నవన్నీ నిజాలే. కాకపోతే అవి బల్ల మీద పెట్టి వాడుకునేవాడికి పనికొచ్చే నిజాలు. సంచిలో వేసుకుని ఊళ్ళు తిరిగేవాడికి కావలసినవి ఆ చీటీలోకి ఎక్కనివి. పాతిక, ముప్ఫై వేలలో చిన్నగా, తేలిగ్గా ఉండే మిషన్ చేయాలంటే కంపెనీ ఏదో ఒకచోట కోత పెట్టక తప్పదు, అందుకు దాన్ని తప్పుపట్టలేం. ఎక్కడ పెట్టిందన్నదే చూసుకోవాలి. నన్నడిగితే కోత వేగం మీద పెట్టాలి. బ్యాటరీ, కీబోర్డు, తెర, స్టోరేజీ, రిపేరుకి వీలు, వీటి జోలికి పోకూడదు. మార్కెట్ సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తోంది.

మన వైపు ఈ మిషన్‌ని మోసేదెవరో ముందు చూద్దాం. కోనసీమ నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రికి బస్సులో వచ్చిపోయే కాలేజీ పిల్లలు. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగే ఉద్యోగులు. మండపేట రైసుమిల్లుల్లో, భీమవరం రొయ్యల మేత డీలర్ల దగ్గర, అంబాజీపేట కొబ్బరి వర్తకుల దగ్గర కూర్చుని జీఎస్టీ లెక్కలు చూసే ఆడిటరుగారి అసిస్టెంట్లు. చీకటి పడేలోగా వార్త పంపాల్సిన మండల విలేకరులు. వీళ్ళందరూ చేసేది రాయడం, పట్టికలు వేయడం, ఫారాలు నింపడం, పీడీఎఫ్‌లు చదవడం, మెయిళ్ళు పంపడం. వీటిలో ఏ పనీ ఈ ఏటి ప్రాసెసర్ కావాలని అడగదు. మనిషి వేళ్ళు ఎంత పరిగెత్తినా ఆరేడేళ్ళ కిందటి చిప్పు కూడా ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తూనే ఉంటుంది. బ్రౌజరు ఒక్కటే తిండిపోతు. దాని కోసం 8 జీబీ ర్యామ్ ఉండాలని ఒప్పుకుంటాను, ఈరోజుల్లో 4 జీబీ చాలదు. ఆ పైన పెట్టే ప్రతి రూపాయీ ఈ మనుషుల విషయంలో వేగం పేరిట వృథా.

ఇది ఇంతకుముందు ఒకసారి రుజువైన సంగతే. 2007లో తైవాన్ కంపెనీ ఆసుస్ ఈఈఈ పీసీ 701 అనే బుల్లి ల్యాప్‌టాప్‌ని తెచ్చింది. ఏడంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ స్టోరేజీ, లైనక్స్, బరువు 920 గ్రాములు. ఆనాటి లెక్కలో కూడా నత్తే. అయినా ప్రపంచమంతా ఎగబడి కొన్నారు, ఎందుకంటే సంచిలో ఉన్నట్టే తెలియని కంప్యూటర్ సామాన్యుడి ధరకి దొరకడం అదే మొదలు. ఆ జనాన్ని చూసి మిగతా కంపెనీలూ నెట్‌బుక్కులంటూ దిగాయి. దిగి, చీటీలో అంకెలు పెంచే పనిలో పడ్డాయి. తెర పదంగుళాలయింది, తిరిగే హార్డ్ డిస్కు వచ్చింది, విండోస్ ఎక్స్‌పీ వచ్చింది, బరువు పెరిగింది. కీబోర్డు, తెర నాణ్యత మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 2010లో ఐప్యాడ్ వచ్చాక రెండు మూడేళ్ళలో ఆ జాతే అంతరించింది. దాదాపు అదే కాలంలో బడిపిల్లల కోసం తయారైన ఎక్స్‌ఓ అనే ఆకుపచ్చ ల్యాప్‌టాప్ కోతని సరైన చోట పెట్టింది. వేగం తక్కువ, కానీ తెర రంగులు మానేసి నలుపు తెలుపుల్లో ఎండలోనూ చదివించేది, దుమ్మూ నీళ్ళూ దిగకుండా మూసిన రబ్బరు కీబోర్డు, ఫ్యాను లేదు, కరెంటు అతి తక్కువ తాగేది. దాని తయారీదారులు వంద డాలర్లకి ఇస్తామని బయల్దేరి రెండు వందల దరిదాపుల్లో ఆగారు. మన కేంద్ర ప్రభుత్వం 2006లోనే దాన్ని వద్దంది. తర్వాత 2011 అక్టోబరులో మనవాళ్ళే ఆకాశ్ టాబ్లెట్‌ని విడుదల చేశారు. హైదరాబాదులో కూర్చారు, ధర యాభై డాలర్ల లోపే. తెర వేలితో గట్టిగా నొక్కితే గానీ పలికేది కాదు, బ్యాటరీ రెండు మూడు గంటల్లో చేతులెత్తేసేది. ఆ ధరలో అది కట్టడమే గొప్ప అన్నవాళ్ళున్నారు. కావచ్చు. కానీ వాడే మనిషి చేతికీ కంటికీ తగిలే చోటే కోత పెట్టారు, చివరికి అది నిలవలేదు.

బరువు సంగతికొద్దాం. ప్రకటనల్లో ఒక కిలో అంటారు, కిలోంబావు అంటారు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు సంచిలో ఇంకా ఏం పడుతుందో చూస్తే గానీ అసలు తూకం తేలదు. నాలుగు గంటలు నిలిచే బ్యాటరీ అయితే ఛార్జర్ దిమ్మ వెంట రావాల్సిందే, మనం వెళ్ళినచోట ప్లగ్గు ఉన్న గోడ పక్కనే కుర్చీ దొరకాలి. పంటు మీద ప్లగ్గుండదు, చెరువు గట్టు మీదా ఉండదు, పల్లెవెలుగు బస్సులో అసలే ఉండదు. బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో తెలిస్తే లెక్క సులువు. తేలికపాటి పనిలో చిన్న ల్యాప్‌టాప్ గంటకి ఆరేడు వాట్-అవర్లు తాగుతుందనుకుంటే 36 ఉన్నది ఐదారు గంటలు, 50 ఉన్నది ఏడెనిమిది గంటలు నడుస్తుంది. కొత్తప్పటి మాట ఇది, రెండు వేసవులు గడిచాక కొంత తగ్గించి లెక్కేసుకోవాలి. లిథియం బ్యాటరీకి వేడి పడదు. చాలా ల్యాప్‌టాప్‌ల కాగితాల్లో వాడదగిన గది వేడి 35 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది. మే నెలలో రాజమండ్రిలో మధ్యాహ్నాలు ఆ గీత దాటి ఎక్కడో ఉంటాయి. అందుకని రెండు వందల గ్రాములు ఎక్కువైనా పెద్ద బ్యాటరీయే తీసుకోవాలంటాను. ఛార్జింగ్ కూడా టైప్-సి రంధ్రం నుంచి జరిగితే ఫోనుకీ దీనికీ ఒకే ఛార్జర్ చాలు. అప్పుడు కిలోంబావు మిషన్ మోసేవాడి భుజం, కిలో మిషన్‌తో పాటు దిమ్మ మోసేవాడి భుజం కన్నా సుఖంగా ఉంటుంది. ఫ్యాను లేని మిషన్ దొరికితే ఇంకా మేలు. ఊకపొడి ఎగిరే మిల్లులో, ఉప్పుగాలి కొట్టే అంతర్వేది వైపు, బయటి గాలిని లోపలికి పీల్చని యంత్రానికి ఆయుష్షెక్కువ. ఫ్యాను తీసేస్తే వేగం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

కీబోర్డు మాట ఎవరూ ఎత్తరు, ఎత్తినా ఇంగ్లీషు టైపు చేసి చూసి బాగుందనేస్తారు. తెలుగు రాసేవాడి బాధ వేరు. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టులో అచ్చుల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. ఇంగ్లీషులో సెమీకోలన్ ఉన్న మీట మీద మనకి చ, దాని పక్క కొటేషన్ గుర్తు మీద ట, చదరపు బ్రాకెట్ మీద డ వస్తాయి. చిన్న ల్యాప్‌టాప్‌లో చోటు చాలకపోతే తయారుచేసేవాళ్ళు మొట్టమొదట నొక్కేసేది కుడి అంచున ఉన్న ఈ మీటల్నే. ఇంగ్లీషువాడికి అవి ఎప్పుడో ఒకసారి వాడే విరామచిహ్నాలు కాబట్టి సగానికి కోసినా పట్టించుకోడు. మనం చెట్టు, పట్టుచీర, డబ్బు అనాలన్నా చిటికెనవేలు ఆ ఇరుకులోకే పోవాలి. పుండు మీద కారం: ‘ొ’ గుర్తు ఎడమ పై మూల మీట మీద ఉంటుంది. బుల్లి కీబోర్డుల్లో కొన్నిటిలో ఆ మీటని వేరే చోటికి తరిమేస్తారు. కొబ్బరి లేకుండా కోనసీమ వార్త ఎలా రాస్తాం? మీటల మీద తెలుగు అక్షరాలు అచ్చువేసి ఉండవు కాబట్టి చూసి కొట్టే వీలూ లేదు, వేళ్ళకి అలవాటైన దూరాల్లోనే మీటలుండాలి. మామూలు కీబోర్డులో మీటకీ మీటకీ నడుమ దూరం సుమారు 19 మిల్లీమీటర్లు. పన్నెండున్నర, పదమూడంగుళాల మిషన్లలో దాన్ని తగ్గించకుండా అమర్చవచ్చు, పదంగుళాల్లో కుదరదు. చిన్నదనానికి హద్దు అక్కడే ఉంది.

తెరకీ ఇదే న్యాయం వర్తిస్తుంది. మన లిపి నిలువుగా పెరుగుతుంది. పైన గుడులు, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. అందుకే ఇంగ్లీషు కన్నా వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. చౌకవాటిలో ఇప్పటికీ కనపడే 1366 బై 768 తెర అడ్డంగా వెడల్పు, నిలువుగా కురచ. బ్రౌజరు పట్టీలు, కింద టాస్కుబార్ పోగా మిగిలిన కాస్తలో తెలుగు పేరా ఒకటి పట్టడమే గగనం. నిలువు ఎక్కువున్న 16:10 తెర తీసుకుంటే అదే సంచిలో అదే బరువుకి ఇంకో నాలుగైదు వరసలు కనిపిస్తాయి. వెలుగు 250 నిట్లు దాటని తెర వరండాలోకి తెస్తే అద్దమైపోతుంది, మన మొహమే మనకి కనిపిస్తుంది.

ఇక స్టోరేజీ. ఇప్పుడు అంతా క్లౌడ్‌లోనే కదా, లోపల 64 జీబీ ఉంటే చాలదా అని అడుగుతారు. దీనికి 2022 సంవత్సరమే జవాబు. ఆ ఏడు మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి అది రాలేదు. ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి గట్ల మీదికి, జిల్లా దాటి పక్క ఊళ్ళకి పోవాల్సివచ్చింది. జులైలో వరద వచ్చింది, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది, లంక గ్రామాల చుట్టూ నీళ్ళే. ఒకే ఏట రెండు నెలల తేడాలో ముందు నెట్టు పోయింది, తర్వాత కరెంటు పోయింది. ఏటా ఇలా జరుగుతుందనను, కానీ జరిగిన రోజున క్లౌడ్‌ని నమ్ముకున్న యంత్రం పనికిరాదు. 2023లో జియో తెచ్చిన జియోబుక్ 990 గ్రాములే, లోపలే 4జీ సిమ్ము, విడుదలప్పటి ధర 16,499 రూపాయలు. ధర చూస్తే మెచ్చుకోవాల్సిందే. అందులోనూ స్టోరేజీ 64 జీబీయే, నడిపేది ఆండ్రాయిడ్ మీద కట్టిన సొంత వ్యవస్థ. పాఠాలు చూసే బడిపిల్లవాడికి సరిపోతుంది. విండోస్ మీద లెక్కల ప్రోగ్రాం టాలీ నడపాల్సిన అసిస్టెంటుకి సరిపోదు. పైగా ఈ తరహా మిషన్లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది, అది పోతే బోర్డు పోయినట్టే. విడిగా స్లాటులో గుచ్చిన ఎస్‌ఎస్‌డీ అయితే రాజమండ్రిలోనో కాకినాడలోనో ఏ రిపేరు షాపులోనైనా ఒక స్క్రూ విప్పి మార్చేస్తారు.

ఇంత హంగామా దేనికి, ఫోను లేదా అన్నది పెద్ద అభ్యంతరం. నిజమే, ఈరోజు తెలుగులో రాస్తున్నదాంట్లో పెద్ద వాటా ఫోన్లలోనే పుడుతోంది, నోటితో చెప్తే టైపు చేసుకునే సదుపాయమూ ఉంది. నాలుగు వాక్యాల దాకా ఫోనుని మించింది లేదు. ఒక కాగితం చూస్తూ ఇంకో కాగితం రాయాల్సివచ్చినప్పుడు, పట్టికలో నలభై వరసలు సరిచూడాల్సివచ్చినప్పుడు అది చేతులెత్తేస్తుంది. రెండో అభ్యంతరానికి నా సగం ఓటుంది: అదే డబ్బుకి కంపెనీలు వాడి తీసేసిన మంచి బిజినెస్ ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, కీబోర్డు గట్టిది, విప్పి మార్చుకోవచ్చు అంటారు. నేను పైన అడిగినవి చాలావరకు అందులో ఉన్నాయి, అది నా వాదనకి బలమే. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాతవైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. బ్యాటరీ కొత్తది వేయించుకోవాలి, ఆ ఖర్చు ముందే బేరంలో కలపాలి. మూడోది ఇంజనీరింగ్ పిల్లల మాట. ఆటోక్యాడ్‌కో వీడియో ఎడిటింగ్‌కో వేగం కావాలి, కాదనను. అలాంటివాళ్ళకి బరువైనదే సరి, హాస్టల్ గదిలో బల్ల మీద ఉంచుకోవాలి. ఈ వ్యాసం వాళ్ళ కోసం కాదు.

మన రాష్ట్రంలో ఈ బేరం ప్రభుత్వ స్థాయిలోనూ నడిచింది. 2021లో, పిల్లల్ని బడికి పంపే తల్లులకి అప్పట్లో ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి డబ్బుకి బదులు తొమ్మిది నుంచి ఇంటరు దాకా పిల్లలు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చన్నారు. పాడైతే గ్రామ సచివాలయంలో ఇస్తే వారంలో బాగుచేసి ఇచ్చే ఏర్పాటు ఉండాలని కూడా అప్పట్లో అనుకున్నారు, అందులో నాకు బాగా నచ్చింది అదే. చివరికి ఆ పథకం పక్కకి పోయి 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ ఐదు లక్షల పైచిలుకు టాబ్‌లు పంచారు. పాఠం చూడటానికి టాబ్ బాగుంటుంది, వ్యాసం రాయాలంటే మళ్ళీ నోటుపుస్తకమే గతి. అలాంటి కొనుగోలు ఇంకోసారి జరిగితే టెండరు కాగితంలో పైవరసల్లో ఉండాల్సినవి బ్యాటరీ వాట్-అవర్లు, ఇన్‌స్క్రిప్టుకి సరిపడే నిండు కీబోర్డు, నిలువు ఉన్న తెర, స్లాటులో గుచ్చే స్టోరేజీ, మండలంలో రిపేరు. ప్రాసెసర్‌ని అట్టడుగు వరసకి దించి, కంపెనీలు ధర తగ్గించుకోదలిస్తే అక్కడ తగ్గించుకోమని రాయాలి.